సీనియర్ బిహేవియర్ అనలిస్ట్‌గా మొదటి ఏడాది: ఆటిజం ఉన్న పిల్లల కేసులు నడపడం ఎలా

పిల్లల చేష్టల వెనక ఉన్న అవసరం పట్టుకుని, మాటలు, పనులు నేర్పే ప్లాన్ రాయడం బిహేవియర్ అనలిస్ట్ పని. సీనియర్‌గా నా మొదటి నెలలో ఒక నాలుగేళ్ళ బాబుకి పదకొండు పేజీల ప్లాన్ రాశాను. గ్రాఫులు, ప్రాంప్టుల (జవాబుకి సాయంగా ఇచ్చే సూచనల) క్రమం, రీఇన్‌ఫోర్స్‌మెంట్ షెడ్యూల్ (బాగా చేస్తే ఇష్టమైనది ఎప్పుడెప్పుడు ఇవ్వాలన్న లెక్క), అన్నీ పెట్టాను. మూడు వారాల తర్వాత వాళ్ళింటికి వెళ్తే ఆ కాగితాలు ఫ్రిజ్ మీద, పాలవాడి లెక్కల పుస్తకం కింద కనపడ్డాయి. బాబుకి అన్నం పెట్టేది, నిద్రపుచ్చేది నానమ్మ. అలాంటి ప్లాన్ ఒకటి ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. సెంటర్లో బాబుతో రోజూ కూర్చునే థెరపిస్ట్ అమ్మాయి మాత్రం చదివింది, రెండో పేజీ దాకా.

అంతకు ముందు నేను థెరపిస్టుని. పిల్లాడు ఎదురుగా కూర్చుంటే పని జరిగిపోయేది. సీనియర్ అయ్యాక ఒక్కో పిల్లాడితో నేను కూర్చునేది నెలకు నాలుగైదు గంటలే. మిగతాదంతా జూనియర్ల చేతుల్లో, అమ్మానాన్నల చేతుల్లో, స్కూల్ టీచర్ చేతుల్లో నడుస్తుంది. అందుకే ఈ పనిలో ప్రతి నిర్ణయానికీ ఒక ప్రశ్న వేసుకోవాలి: నేను లేనప్పుడు దీన్ని ఎవరు చేస్తారు, వాళ్ళ వల్ల అవుతుందా? హైదరాబాద్‌లో సెంటర్లలో, ఇళ్ళలో పనిచేస్తూ నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను. థెరపిస్టుగా రెండు మూడేళ్ళు చేసి ఇప్పుడే సూపర్‌విజన్‌లోకి వస్తున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకున్నాను.

1. మీ కాగితాలు, మీ హద్దులు

బిహేవియర్ అనలిస్టులకి బీసీబీఏ అనే సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా బోర్డు 1998లో మొదలైంది. 2023 జనవరి నుంచి భారత్‌లో ఉండేవాళ్ళ కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. అంతకు ముందే తెచ్చుకున్నవాళ్ళు కొనసాగించుకోవచ్చు. ఇప్పుడు ఇక్కడ కొత్తగా వచ్చేవాళ్ళకి ఐబీఏఓ, క్యూఏబీఏ అనే వేరే సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్లు ఉన్నాయి. ఏది తీసుకున్నా కోర్సు ఫీజు కట్టే ముందు సూపర్‌విజన్ గంటలు (అనుభవమున్నవాళ్ళ పర్యవేక్షణలో చేయాల్సిన పని) ఎవరు ఇస్తారో తేల్చుకోండి. చాలామంది ఆగిపోయేది అక్కడే.

మన దేశంలో 1992 చట్టం కింద ఏర్పడ్డ రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ నిపుణులు, క్లినికల్ సైకాలజిస్టులు ఉంటారు. బిహేవియర్ అనలిస్ట్ అనే పేరు 2021 నాటి అలైడ్ హెల్త్ చట్టం జాబితాలో కనిపిస్తుంది. రోజువారీ పనికి ఇందులోంచి తెలుసుకోవాల్సింది ఒకటే: డయాగ్నోసిస్ మీది కాదు. "ఆటిజమేనా మేడమ్, ఖాయమా?" అని తండ్రి కారిడార్‌లో పట్టుకుని అడిగినా సరే, డాక్టర్ దగ్గరికి పంపండి. మింగడంలో ఇబ్బంది ఉంటే స్పీచ్ నిపుణులకి, మందుల సంగతైతే పీడియాట్రిక్ న్యూరాలజిస్టుకి పంపండి. అలా పంపినందువల్ల మీ విలువేమీ తగ్గదు.

2. కేసు చేతికొచ్చిన మొదటి రెండు వారాలు

ఫైల్లో ముందు కనపడేది స్కోరు. మన దగ్గర ఎక్కువగా ఆటిజం తీవ్రత కొలిచే ఐసా స్కోరు ఉంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అని పిలుస్తున్న, మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసిన స్కేల్ అది. నలభై అంశాలు ఉంటాయి. 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. డిజేబిలిటీ సర్టిఫికెట్‌కి ఆ అంకె కావాలి. సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, లక్ష రూపాయల దాకా వస్తుంది. ఈ బీమా సంగతి తెలియని తల్లిదండ్రులు ఇంకా బోలెడుమంది, మీరే చెప్పండి. అయితే రేపు పొద్దున సెషన్లో ఏం నేర్పాలో ఆ అంకె చెప్పదు.

తర్వాత ఒంటి సంగతులు. ఎప్పటినుంచో లేని చేష్ట కొత్తగా మొదలైతే ముందు శరీరాన్ని అనుమానించండి. పన్ను, చెవి, మలబద్ధకం, నిద్ర, ఫిట్స్. ఐదేళ్ళ పాప ఒకతి వారం రోజులుగా ఎడమ చెంప మీద తనే కొట్టుకుంటోందని నన్ను పిలిచారు. అటెన్షన్ కోసమేనని షీట్లో రాసి ఉంది. అన్నం తినేటప్పుడు కుడి పక్కనే నములుతోందని వాళ్ళమ్మ మాటల మధ్యలో అన్నది. డెంటిస్ట్ దగ్గరికి పంపితే ఎడమ దవడ పన్ను పుచ్చి చీము పట్టి ఉంది. పన్ను తీసేశాక కొట్టుకోవడం ఆగిపోయింది. మేం ప్లాన్ రాసి ఉంటే, నొప్పి అని చెప్పుకునే పాపని పట్టించుకోకుండా ఉండటం ఎలాగో అందరికీ నేర్పి ఉండేవాళ్ళం.

ఈ రెండు వారాల్లో ఇంటికి ఒక్కసారైనా వెళ్ళండి. అదీ వాళ్ళకి కష్టమైన గంటలో. స్కూల్ వ్యాన్ వచ్చే ముందో, రాత్రి అన్నం వేళో. తల్లిని "సమస్యలేంటి?" అని అడిగితే స్కూల్ వాళ్ళు చెప్పిన జాబితానే మీకు వినపడుతుంది. "నిన్న పొద్దున బాబు లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వరుసగా చెప్పండి" అని అడగండి. అసలు విషయాలు అందులోంచి బయటికొస్తాయి.

3. అంచనా వేయడం

అమెరికా బిహేవియర్ అనలిస్ట్ మార్క్ సండ్‌బర్గ్ 2008లో తెచ్చిన, పిల్లల మాటల, నైపుణ్యాల స్థాయి కొలిచే వీబీ-మ్యాప్‌లో 170 మైలురాళ్ళు, నేర్చుకోవడానికి అడ్డొచ్చే 24 అంశాలు ఉంటాయి. నాలుగేళ్ళ లోపు పిల్లల స్థాయికి కొలత. కొత్త సీనియర్లు మైలురాళ్ళ గ్రిడ్‌కి రంగులేసి ఆ 24 అడ్డంకుల పేజీని తిప్పేస్తారు. నేనైతే ఆ పేజీ నుంచే మొదలుపెడతాను. ప్రాంప్ట్ ఇస్తే తప్ప కదలని పిల్లాడికి కొత్త మాటలు పోగేసి లాభం లేదు.

అది ఇంగ్లీషులో పుట్టిన సాధనమన్నది మర్చిపోకండి. తెలుగు పిల్లాడిని తెలుగులో పరీక్షించాలి. చేతి తొడుగు బొమ్మ గుర్తుపట్టలేదని తప్పు వేయకండి, హైదరాబాద్‌లో పుట్టినవాడు దాన్నెక్కడ చూస్తాడు? "డబ్బాలో", "మంచం కింద" అని మనం విభక్తి పదం చివరే అతికిస్తాం. కాబట్టి ఏది ఎక్కడ ఉందో అడిగే ప్రశ్నలు మనవైపు నుంచి మళ్ళీ రాసుకోవాలి. ఇంట్లో వంటగది వస్తువులతో ఒక సంచి తయారుచేసుకోండి. గరిటె, చెంబు, చీపురు, అట్లకాడ. నా సంచి కొన్న ఫ్లాష్‌కార్డుల కన్నా బాగా పనిచేసింది.

ఇష్టాలు తెలుసుకోవడానికి ఐదారు వస్తువులు వరుసగా పెట్టి, పిల్లాడు తీసుకున్నది పక్కకు తీసేసి, మిగతావాటితో మళ్ళీ చూడటం సులువైన పద్ధతి. వారానికోసారి చేయండి, ఇష్టాలు మారిపోతుంటాయి. బల్ల మీద పట్టనివి కూడా ఉంటాయని గుర్తుంచుకోండి. లిఫ్టులో ఒక రౌండు, నాన్న బండి ముందు కూర్చోవడం, సీలింగ్ ఫ్యాన్ స్విచ్ వేయడం, మిక్సీలో నీళ్ళు తిరగడం చూడటం. చిప్స్ ముక్కలతోనే ఏడాదంతా నడిపేస్తే పిల్లాడు లావెక్కుతాడు, ప్రోగ్రాం అక్కడే ఉంటుంది.

4. చేష్ట వెనక ఉన్న అవసరం పట్టుకోవడం

ఏబీసీ షీట్లలో (చేష్టకి ముందు ఏం జరిగింది, చేష్ట ఏంటి, తర్వాత ఏం జరిగింది అని రాసే షీట్లు) నేను ఒప్పుకోని మాట "కారణం లేకుండా". ఆరేళ్ళ బాబు ఒకడు మధ్యాహ్నం సెషన్లో కుడి మణికట్టు కొరుక్కునేవాడు. అక్కడ చర్మం గట్టిపడి గోధుమరంగు కాయ కాసింది. తొమ్మిది రోజుల షీట్లలో "ముందు ఏం జరిగింది" అనే గడిలో ఆరుసార్లు "ఏమీ లేదు" అని ఉంది. నేను మూలన చాప మీద కూర్చుని చూశాను. మొదటి రోజు నాకూ ఏమీ కనపడలేదు. రెండో రోజు చూపు బాబు మీంచి తీసి థెరపిస్ట్ అమ్మాయి చేతుల మీద పెట్టాను. సరైన జవాబు చెప్పాక బాబుకి బొమ్మ రైలు ఇచ్చేది. వాడు పట్టాల మీద నడుపుకుంటుంటే డేటా రాయడానికి పెన్ను నొక్కేది. టిక్. రాసిన నాలుగైదు సెకన్లకి రైలు వెనక్కి తీసుకుని తర్వాతి పని పెట్టేది. టిక్ వినపడగానే బాబు భుజాలు బిగుసుకునేవి, చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళేది. వాడికి ఆ చప్పుడంటే రైలు పోతోందని.

పెన్ను మార్చి పెన్సిల్ ఇస్తే ఒకటి రెండు రోజులు ఆగేదేమో. కానీ వాడికి కావాల్సింది రైలుతో ఇంకాస్త సమయం, అది అడిగే దారి. మేం "ఇంకా" అని అనడం, అనలేకపోతే పసుపు రంగు కార్డు ముట్టుకోవడం నేర్పాం. మొదటి వారం అడిగిన ప్రతిసారీ ఇచ్చాం. ఒక్కసారీ కాదనలేదు. రోజుకి యాభైసార్లు అడిగాడు, సెంటర్లో అందరూ నన్ను అదోలా చూశారు. ఆ తర్వాతే "ఆగు" మొదలైంది. ముందు రెండు సెకన్లు, తర్వాత ఐదు, తర్వాత ఒక చిన్న పని చేసి ఇంకా. కొరుక్కోవడం ఐదో వారానికి రోజుకి ఒకటి రెండుకి దిగింది.

పద్ధతి పాతదే. చేష్ట వల్ల ఏం దొరుకుతోందో పరీక్షించి తెలుసుకోవచ్చని ఇవాటా బృందం 1982లో చూపించింది. ఇప్పుడు మనం వెతికేవి నాలుగు: నలుగురి దృష్టి పడటం, పని తప్పడం, వస్తువు దొరకడం, లేదా ఆ చేష్ట తనకు తానుగా ఇచ్చే హాయి. అదే ఫలితాన్ని మర్యాదైన దారిలో అడగడం నేర్పితే చేష్ట తగ్గుతుందని కార్, డ్యురాండ్ 1985లో చూపించారు. హాన్లీ బృందం 2014లో ప్రచురించిన పద్ధతిలో ముందు తల్లిదండ్రులతో విపులంగా మాట్లాడి, ఆ పిల్లాడి జీవితంలో కలిసి వచ్చే కారణాలనే కలిపి, తక్కువ సమయంలో పరీక్షిస్తారు. మన సెంటర్లకి నాకు ఎక్కువ నచ్చింది ఇదే. అయితే తల బాదుకోవడం లాంటివాటికి డాక్టర్ అండ, అనుభవమున్న సూపర్‌వైజర్ లేకుండా ఫంక్షనల్ అనాలిసిస్, అంటే ఇలా పరీక్షించి కారణం పట్టుకోవడం, చేయకండి. షీట్లు, వీడియో, మాటలతో ఎంత తెలిస్తే అంతే చాలు.

ఎక్స్‌టింక్షన్ గురించి ఒక మాట. పుస్తకంలో అది ఒక్క లైను: చేష్ట వల్ల దొరికే ఫలితం ఆపేయండి. ఆపగానే చేష్ట ముందు పెరుగుతుంది. ఆ పెరుగుదల మూడో ఫ్లోర్ అపార్ట్‌మెంట్లో రాత్రి పదింటికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొడతారు, తాతగారికి బీపీ, నాన్న విసిగిపోయి ఫోన్ చేతిలో పెట్టేస్తాడు. అంటే ఇంకా గట్టిగా అరిస్తే దొరుకుతుందని మనమే నేర్పినట్టు. చివరిదాకా నిలబడగలిగే ఇంట్లో తప్ప ఆ మాట ప్లాన్‌లో రాయకండి.

5. లక్ష్యాలు, అందులోనూ మాటలు

లక్ష్యం రాసే ముందు నేను వేసుకునే ప్రశ్న: ఇది సాధిస్తే సుఖం ఎవరికి? "30 సెకన్లు కళ్ళలోకి చూస్తాడు" అని రాస్తే సుఖం మనకి. చేతులు ఆడించడం ఆపించినా అంతే. అది వాడికి హాయినిస్తుంది, ఎవరికీ దెబ్బ తగలదు, వదిలెయ్యండి. ఇలాంటి లక్ష్యాల కింద పెరిగి పెద్దయిన ఆటిస్టిక్ వ్యక్తులు ఇప్పుడు తమ అనుభవాలు చెప్తున్నారు, చదవండి. మన రంగానికి చేదు చరిత్ర ఉంది. అమెరికా సైకాలజిస్ట్ లోవాస్ ఆటిజం పిల్లల మీద చేసిన 1987 అధ్యయనం ఎంత పేరు తెచ్చిందో, ఆ రోజుల్లో పిల్లల మీద వాడిన శిక్షలు అంత మచ్చ తెచ్చాయి. విద్యుత్ షాక్ వాడకాన్ని వ్యతిరేకిస్తూ అంతర్జాతీయ బిహేవియర్ అనాలిసిస్ సంఘం తీర్మానించింది 2022లో అని తెలిస్తే ఆశ్చర్యపోతారు.

మరి ఏం పెట్టాలి? అడగడం, కాదనడం, ఆగడం, బాత్రూం, తినడం, దారిలో చెయ్యి వదలకపోవడం, ఒంటరిగా కాసేపు ఆడుకోవడం. అడగడం కన్నా కాదనడం ముందు నేర్పినా తప్పులేదు. "వద్దు" అనే మాట వచ్చి, మనం దాన్ని గౌరవిస్తే, కొరకడాలు గిచ్చడాలు సగం పోతాయి. సెషన్‌కి పిల్లాడి ఒప్పుదల కూడా అందులోంచే తెలుస్తుంది. గది గుమ్మం దగ్గర కూలబడ్డాడంటే వాడు మీకేదో చెప్తున్నాడు. ఎత్తుకుని లోపల పెట్టడం థెరపీ కాదు.

ఇక తెలుగు. ఇక్కడ కాస్త ఆగుతాను, శిక్షణల్లో ఎవరూ చెప్పరు కాబట్టి. మన ఇళ్ళలో పిల్లాడికి గ్లాసు చూపించి "నీళ్ళు కావాలా?" అంటాం. ప్రతిధ్వనిలా పలికే పిల్లాడు ఆ మాటనే పట్టుకుంటాడు. దాహమేస్తే అమ్మ దగ్గరికి వచ్చి "నీళ్ళు కావాలా?" అంటాడు. చూసేవాళ్ళకి వాడు మనల్నే అడుగుతున్నట్టు ఉంటుంది. కాబట్టి ప్రాంప్ట్ మన వాక్యంలో కాకుండా వాడి వాక్యంలో ఇవ్వాలి. ప్రశ్న వద్దు. గ్లాసు పట్టుకుని, ఆగి, "నీళ్ళు ఇవ్వు" అనండి. లేదా ఒట్టి "నీళ్ళు". ఇంట్లో అందరికీ ఈ ఒక్క మార్పు నేర్పితే చాలా దూరం వెళ్తారు.

తర్వాత గొడవ "ఇవ్వండి". తాతగారికి మనవడు "ఇవ్వు" అంటే మనసు చివుక్కుమంటుంది. "ఇవ్వండి అనాలి నాన్నా" అని దిద్దుతారు. రెండక్షరాల మాట ఇప్పుడే పలికినవాడికి మూడో అక్షరం బరువు, పైగా అడిగినా దొరకలేదనే పాఠం. మర్యాద ఏడాది తర్వాత నేర్పుదామని పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఒప్పించండి.

ఏ భాషలో అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని ఎవరో చెప్పారని తల్లి తనకి రాని ఇంగ్లీషులో పిల్లాడితో ముక్తసరిగా మాట్లాడుతుంటుంది. రెండు భాషల ఇంట్లో పెరగడం వల్ల ఆటిజం పిల్లల మాటలకి నష్టం జరిగినట్టు అధ్యయనాల్లో తేలలేదు. యూట్యూబ్ చూసి రంగులన్నీ ఇంగ్లీషులో చెప్తాడు, బాగానే ఉంది. కానీ అమ్మమ్మని మంచినీళ్ళు అడగలేకపోతే ఆ రంగులెందుకు? అడిగే మాటలు ఇంటి భాషలో పెట్టండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల కేసైనా నేను ఇదే చెప్తాను. మాటలు ఇంకా రాని పిల్లలకి బొమ్మల కార్డులు, లేదా చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి యాప్. "అది అలవాటైతే నోరు విప్పడేమో" అని భయపడతారు. అడిగే దారి ఉన్నంత మాత్రాన మాట ఆగిపోదని నచ్చజెప్పడం మీ పనే.

6. ఒక్క పేజీ ప్లాన్, నిజమైన డేటా

పదకొండు పేజీలు మీ ఫైల్లో ఉంచుకోండి. చేతికిచ్చేది ఒక్క పేజీ, తెలుగులో. వాడు ఇలా చేయబోతున్నాడని ఎలా తెలుస్తుంది, అప్పుడు మీరేం చేయాలి, ఏం చేయకూడదు, ఏం రాయాలి. అంతే.

డేటా కూడా తక్కువ అడగండి. సెషన్లో పద్నాలుగు ప్రోగ్రాములకి ట్రయల్ ట్రయల్ (పిల్లాడి ఒక్కో ప్రయత్నం) రాయమంటే ఏం జరుగుతుందో తెలుసా? సాయంత్రం ఐదున్నరకి, వెళ్ళిపోయే ముందు, ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో, షీటంతా నిండుతుంది. నేనూ జూనియర్‌గా ఉన్నప్పుడు అలా నింపినదాన్నే. 70, 75, 80, 85 అంటూ నున్నగా ఎక్కే గ్రాఫు చూస్తే నాకు భయమేస్తుంది. నిజమైన పిల్లాడి గ్రాఫు ఎగుడుదిగుడుగా ఉంటుంది. జలుబు చేసిన రోజు పడుతుంది, చవితి మైకుల వారం పడుతుంది. అబద్ధపు షీట్ దొరికితే ముందు తిట్టకుండా, మోయలేనంత అడిగానా అని చూసుకోండి.

నైపుణ్యం వచ్చిందనడానికి నా కొలత: వరుసగా మూడు రోజులు ఎనభై శాతం, ఇద్దరు వేర్వేరు మనుషులతో, అందులో ఒకరు ఇంట్లోవాళ్ళు. ఆ చివరి షరతు పెట్టాక నా ప్రోగ్రాములు సగానికి సగం "ఇంకా రాలేదు"లోకి వెళ్ళాయి. గ్రాఫు ఐదు సెషన్లు కదలకపోతే ఏదో ఒకటి మార్చండి. మార్చిన రోజు గ్రాఫు మీద నిలువు గీత గీసి ఏం మార్చారో రాయండి.

7. జూనియర్లని తయారుచేయడం

అమెరికాలో ఆర్‌బీటీ, అంటే సీనియర్ కింద పిల్లలతో నేరుగా పనిచేసే సర్టిఫైడ్ థెరపిస్ట్, కావాలంటే 40 గంటల శిక్షణ, పని మొదలుపెట్టాక నెలలో చేసిన గంటల్లో కనీసం 5 శాతం సూపర్‌విజన్ తప్పనిసరి. ఇక్కడ అలాంటి పట్టింపు సెంటర్ యజమాని దయ మీద ఉంటుంది. ఉద్యోగంలో చేరే ముందే మాట్లాడి రాయించుకోండి: ఎన్ని కేసులు, ఒక్కో కేసుకి చూసే గంటలు ఎన్ని. నన్ను ఒక చోట ముప్పై మూడు కేసులకి సంతకం పెట్టమన్నారు. ఆ పిల్లల్లో సగంమంది మొహాలు కూడా నాకు తెలియవు. మూడు నెలల్లో మానేశాను, మూడు నెలలు ఎందుకు ఉన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నేర్పే పద్ధతి నాలుగు ముక్కలు. చెప్పడం, చేసి చూపడం, వాళ్ళతో చేయించడం, చేస్తుండగా దిద్దడం. మొదటి ముక్కతోనే ఆగిపోయే సీనియర్లే ఎక్కువ. చేయించేటప్పుడు నేనే పిల్లాడిని అవుతాను. కింద పడతాను, బల్ల కింద దూరతాను, కార్డులు విసిరేస్తాను. అందరూ నవ్వుతారు. నవ్వయ్యాక మళ్ళీ చేయిస్తాను, ఈసారి నవ్వురాదు.

దిద్దేటప్పుడు తల్లి ఎదురుగా దిద్దకండి. ఆ క్షణం నుంచి తల్లి ఆ అమ్మాయిని నమ్మదు. సెషన్ అయ్యాక, తలుపు వేసి, ముందు ఆమె బాగా చేసిన ఒక్క పని కచ్చితంగా పేరు పెట్టి చెప్పండి. "బాగా చేశావమ్మా" సరిపోదు. "రైలు తీసుకునే ముందు రెండు వేళ్ళు చూపించి చెప్పావు చూడు, అది." తర్వాత మార్చాల్సింది ఒక్కటే చెప్పండి.

నెలకోసారి ఇద్దరూ కూర్చుని ఒకే సెషన్‌కి విడివిడిగా డేటా రాసి పోల్చుకోండి. ఎనభై శాతం కన్నా తక్కువ కలిస్తే తప్పు చాలావరకు మీ నిర్వచనంలో ఉంటుంది. "అల్లరి" అని రాస్తే ఎవరి లెక్క వారిదే. "అరచెయ్యి తెరిచి ఎదుటివాళ్ళ ఒంటి మీద కొట్టడం" అని రాస్తే లెక్క కలుస్తుంది. జూనియర్లని కొరుకుతారు, గిచ్చుతారు, జుట్టు పీకుతారు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా, టీటీ ఇంజెక్షన్, ఆ రోజు ఇంటికి వెళ్ళిపోయే వీలు. వీటి కోసం యాజమాన్యంతో పోట్లాడాల్సింది మీరే.

8. ఇల్లు

ఫ్రిజ్ మీద కాగితాలున్న ఇంటికి రెండోసారి వెళ్ళినప్పుడు నేరుగా నానమ్మ దగ్గర కూర్చున్నాను.

"ఫోన్ లేకపోతే ముద్ద దిగదమ్మా వాడికి. నువ్వేమో ఫోన్ వద్దంటావట. పస్తు పడుకోబెట్టమంటావా నా మనవణ్ణి?"

"అయ్యో, పస్తెందుకమ్మా. ఫోన్ తీసెయ్యమనట్లేదు. మొదటి ముద్దకి మాత్రం ఫోన్ పక్కన బోర్లా పెట్టండి. ముద్ద మింగగానే ఇచ్చెయ్యండి."

"ఒక్క ముద్దేనా?"

"ఒక్కటే. వారం రోజులు."

వారం తర్వాత ఫోన్ చేసింది ఆవిడే. మూడు ముద్దలు దాకా వచ్చింది, ఇంకా పెంచనా అని. పెంచొద్దన్నాను, ఇంకో నాలుగు రోజులు ఆగమన్నాను. డేటా ఎక్కడ రాశారని అడిగితే క్యాలెండర్ మీద గీతలు పెట్టానంది. నా షీట్ల కన్నా ఆ క్యాలెండర్ శుభ్రంగా ఉంది.

ఇంటికిచ్చే పని ఇలాగే ఉండాలి. వాళ్ళు ఎలాగూ చేసే పనిలో ఇమిడిపోవాలి, నిమిషంలో అయిపోవాలి, మొదటి రోజే గెలవాలి. లోవాస్ అధ్యయనంలో వారానికి 40 గంటలు. మన ఇళ్ళకి వారానికి నాలుగైదు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు దొరికితే గొప్ప, అదీ జీతంలో పెద్ద ముక్క కోసి ఇస్తే. కాబట్టి ఇంటి పని అదనపు హంగు అనుకోకండి, చికిత్సలో ఎక్కువ భాగం అదే.

"నార్మల్ ఎప్పుడవుతాడు?" అని తండ్రి అడుగుతాడు. తారీఖు చెప్పకండి. "ఆరు నెలల్లో వీటిని చూద్దాం" అని మూడు విషయాలు రాసి ఇవ్వండి. స్టెమ్ సెల్స్ ఇస్తే తగ్గుతుందట అని లక్షల ఖర్చుతో కూడిన బ్రోచర్ తెస్తారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫార్సు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. ఆ మాట ఒకసారి స్పష్టంగా చెప్పి, డాక్టర్‌ని అడగమనండి. వాదనకి దిగకండి. వాళ్ళు వెళ్ళి చేయించుకున్నా మళ్ళీ మీ గుమ్మం ఎక్కగలగాలి. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం లాంటివాటికి అసలు నోరు తెరవను. తాయెత్తు దారం పిల్లాడికి గుచ్చుకోకపోతే చాలు.

స్కూల్‌కి ఇంకో ఒక్క పేజీ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, చేర్చుకోవాల్సిన బాధ్యత ఉంది. కానీ మొదటి మీటింగ్‌లో చట్టం బయటికి తీస్తే తలుపులు మూసుకుంటాయి. నలభైమంది పిల్లలున్న టీచర్‌ని రెండే అడగండి: ఎక్కడ కూర్చోబెట్టాలి, వాడు కార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయటికి పంపగలరా. షాడో టీచర్ (క్లాసులో వాడి కోసమే ఉండే సహాయకురాలు) ఉంటే ఆమె బాబు పక్కన కాకుండా వెనక కూర్చోవాలని మొదటి రోజే చెప్పండి, లేకపోతే క్లాసులో వాడికి స్నేహితురాలు ఆమె ఒక్కతే అవుతుంది.

9. దాటకూడని గీతలు

కుర్చీకి కట్టడం, గదిలో పెట్టి గొళ్ళెం వేయడం, అన్నం ఆపడం. ఎవరు చేసినా, యజమాని చేసినా, ఆ రోజే ఆపాలి, రాసి పెట్టాలి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని అనుమానమొస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి. "పై వాళ్ళకి చెప్పాను" అనడం సరిపోదు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా సెషన్ వీడియో సెంటర్ ఇన్‌స్టా పేజీలో పెట్టకండి. అనుమతి ఉన్నా పిల్లాడు ఏడుస్తున్నది ఎప్పుడూ వద్దు. జూనియర్ల సొంత ఫోన్లలో వీడియోలు ఉండకూడదు.

10. తగ్గించుకుంటూ రావడం

కేసు మొదటి రోజే ఎప్పుడు ఆపుతామో రాయండి. వారానికి ఐదు సెషన్లు మూడవ్వాలంటే ఏం రావాలి, మూడు ఒకటవ్వాలంటే ఏం రావాలి. సెంటర్‌కి ఆదాయం తగ్గుతుంది కాబట్టి ఈ మాట ఎవరూ ఎత్తరు. మీరే ఎత్తాలి. సెషన్లు ఉన్నట్టుండి ఆపకండి. తగ్గించిన ప్రతిసారీ నెల రోజులు చూడండి, వెనక్కి జారితే ఒక మెట్టు ఎక్కించండి.

వెళ్ళిపోయేటప్పుడు ఇచ్చే కాగితంలో మూడు సంగతులు రాస్తాను. వాడు ఇప్పుడు ఎలా అడుగుతాడు, ఎలా కాదంటాడు, కోపమొచ్చే ముందు ఒంట్లో ఏం కనిపిస్తుంది. కొత్త స్కూల్ టీచర్‌కైనా, వేసవి సెలవులకి వెళ్ళే మేనత్త ఇంటికైనా అదే కాగితం పనికొస్తుంది. మూడు నెలలకి ఒకసారి ఇంటికి వెళ్ళొస్తాను. నానమ్మ ఉన్న ఆ ఇంటికి పోయినసారి వెళ్తే బాబు తలుపు తీసి, నా సంచి చూసి, "వద్దు" అని తలుపు వేసేశాడు. ఆవిడ లోపల్నుంచి కంగారుగా వస్తుంటే నేను గుమ్మం బయటే నిలబడి ఆ రోజు షీట్లో మొదటి గీత పెట్టుకున్నాను.